నూలు వెనక పొలం



మగ్గాల వాళ్ల సభలో పురుగుల మాటేంటి అనుకోకండి. మా కుటుంబం షోలాపూర్ వచ్చి మూడు తరాలైంది. మా మేనమామ మాత్రం వరంగల్ దగ్గర ఊళ్లోనే ఉండి, మగ్గం మానేసి పత్తి వేశారు. 1997లో చేనుకి లద్దె పురుగు పట్టింది. ఒక మందు కొట్టారు, చావలేదు. ఇంకోటి కొట్టారు, అదీ అంతే. రెండు మూడు కలిపి కొట్టారు. దుకాణంలో బాకీ పెరిగింది గానీ పురుగు తగ్గలేదు. ఆ చలికాలంలో మిగిలిన డబ్బా తాగి మామయ్య పోయారు. ఆ ఏడు ఆ జిల్లాలో అలా పోయిన రైతులు ఎందరో.

మందు నకిలీదని అందరం అనుకున్నాం. నకిలీ మందులు ఉన్న మాటా నిజమే. కానీ మంచి మందూ ఒక్కోసారి పనిచేయదు. పురుగుల్లో మందుకి తట్టుకునేవి ముందునుంచే కొన్ని ఉంటాయి. మిగతావి చస్తాయి, ఇవి బతికి పిల్లల్ని పెడతాయి. ఉతికేకొద్దీ కచ్చా రంగు పోయి పక్కా రంగే మిగిలినట్టు, కొట్టేకొద్దీ చేనంతా గట్టివే మిగులుతాయి. పేరు మార్చి అదే జాతి మందు కొంటే డబ్బు దండగ.

2002లో బీటీ పత్తి వచ్చాక శనగపచ్చ పురుగు తగ్గింది. 2006లో రెండు జన్యువుల విత్తనం వచ్చింది. గులాబీ రంగు పురుగు మాత్రం గుజరాత్‌లో మొదలుపెట్టి రెండింటినీ తట్టుకుంది. చేను చుట్టూ వేయమని ఇచ్చిన మామూలు పత్తి గింజల పొట్లాన్ని చాలామంది పక్కన పడేశారు. ఆ వరుసల్లో పెరిగే మెత్తని పురుగులు గట్టివాటితో జతకడితేనే పిల్లలు బీటీకి లొంగుతాయి. అమెరికాలో ఆ వరుసలు వేసి, గొడ్డు రెక్కల పురుగుల్ని వదిలి, 2018కల్లా ఈ పురుగునే లేకుండా చేశారు.

ఇది మనకీ సంబంధమే. గులాబీ పురుగు కాయలో దూరితే దూది పసుపెక్కుతుంది, పీచు బలం తగ్గుతుంది. ఆ నూలు మగ్గం మీద తెగుతుంది, రంగు సమంగా పట్టదు.

పండక్కి ఊరెళ్లినప్పుడు పత్తి వేసే చుట్టాలకి నాలుగు మాటలు చెప్పండి. లింగాకర్షక బుట్టలు పెట్టమనండి. ఒక్కో బుట్టలో వరసగా మూడు రోజులు ఎనిమిదేసి పడితేనే మందు కొట్టమనండి. ప్రతిసారీ వేరే జాతి మందు వాడమనండి. డిసెంబర్ దాటి పంట ఉంచొద్దని, పత్తి కట్టెలు ఇంటి దగ్గర పోగేయొద్దని చెప్పండి.

మా మామయ్యకి ఇవి చెప్పేవాళ్లు లేరు. మీ వాళ్లకి మీరున్నారు.

జై మార్కండేయ!