గ్రీజు కాదు, ఆయిలు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు డాక్టరు కదా, షుగరు గురించో మోకాళ్ళ నొప్పుల గురించో ఓ పావుగంట చెప్పండి" అన్నారు. నేను మత్తు డాక్టర్ని. నేను చెయ్యగలిగిందల్లా మిమ్మల్ని నిద్రపుచ్చడమే. భోజనాల తర్వాత ఆ పనికి డాక్టరు అక్కర్లేదు. అందుకని నా కారు గురించి చెబుతానన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "సరే, కానివ్వండి" అన్నారు చివరికి.

మా బ్యాచ్ వాళ్ళకి డాక్టరు గారి హెరాల్డ్ గుర్తుండాలి. స్కూలు గోడ పక్కన వేపచెట్టు కింద ఉండేది. స్టాండర్డ్ హెరాల్డ్, మద్రాసులో తయారైంది. మిగతా కార్లకి బానెట్ అంటే మూత. ఈ కారుకి ముందు మడ్‌గార్డులతో సహా ముఖమంతా లేచి ముందుకి పడేది, మొసలి నోరు తెరిచినట్టు. ఇంజను, ముందు చక్రాలు, స్టీరింగు, అన్నీ బయటపడేవి. ఇంటర్వెల్లో మనం వెళ్ళి చూసేది అందుకే. ఇంకోటి కూడా ఉంది. మన స్కూలు ముందు రోడ్డులో అంబాసిడర్ తిప్పాలంటే రెండు మూడు సార్లు వెనక్కీ ముందుకీ వెయ్యాలి. హెరాల్డ్ ఒక్క తిప్పులో తిరిగేది. పాతికడుగుల చోటు చాలు దానికి. మెకానిక్ సాయిబు గారు దాని కింద దూరితే సాయంత్రం దాకా కాళ్ళు మాత్రమే కనిపించేవి.

1970లో ఇక్కడ ఎస్సెస్సెల్సీ అయ్యాక ఆ కారు నా బుర్రలోంచి పోయింది. మెడిసిను, పెళ్ళి, ఇంగ్లండు, లెస్టర్ ఆస్పత్రిలో ఉద్యోగం. దాని గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు. 2014లో రిటైరయ్యాను. రిటైరైన మూడో నెలలో మా ఆవిడ, "మీరు ఇంట్లో ఉండటం నాకు అలవాటు కావడం లేదు" అంది.

మా ఊరికి దగ్గర్లో ఒక రైతు పాత గడ్డి షెడ్డు అద్దెకిచ్చాడు. అందులో గురువారం సాయంత్రాలు కొందరు చేరి పాత కిట్ కార్లు బాగుచేసుకుంటారు. బస్సు డిపోలో ఫిట్టరుగా చేసి రిటైరైనాయన ఒకరు. ఫిజిక్స్ టీచరుగా చేసినావిడ ఒకరు. ఆవిడ వెల్డింగ్ చేస్తే చూడాలి, కుట్టుపని చేసినట్టుంటుంది. ఇంకా ముగ్గురు నలుగురు. ఆస్పత్రిలో నాతో పనిచేసిన ఒకాయన తీసుకెళ్ళాడు. మొదటి రెండు నెలలు నా పని టీ పెట్టడం, పడిపోయిన నట్లు వెతకడం.

కిట్ కారు అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెబుతాను. బ్రిటన్‌లో 1973 దాకా కొత్త కారు కొంటే పర్చేజ్ టాక్స్ కట్టాలి. అదే కారుని విడి భాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్ చాలామంది ఇంటికి అలా పెట్టెల్లోనే వెళ్ళింది. బిగించే పద్ధతి రాసిస్తే అది పూర్తి కారు కిందికి వచ్చేస్తుందని, విప్పే పద్ధతి రాసిచ్చి, కింది నించి పైకి చదువుకోమనేవారట. నిజమో కాదో గానీ మా షెడ్డులో ఈ కథ చెప్పనివాడు లేడు. 1973 ఏప్రిల్లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడాది సెవెన్ హక్కులు కేటర్‌హామ్ వాళ్ళు కొనుక్కున్నారు, ఇప్పటికీ తయారుచేస్తున్నారు. పన్ను పోయింది గానీ పిచ్చి పోలేదు. అమెరికాలో అయితే పన్ను గొడవ లేకుండానే పట్టింది. 1964లో కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ అనే ఆయన ఇసుక తిన్నెల మీద తిరగడానికి ఫైబర్‌గ్లాస్‌తో ఒక బండి చేశాడు, మేయర్స్ మాంక్స్ అని. తర్వాత ఎందరో తమ ఫోక్స్‌వాగన్ బీటిల్ మీంచి పై ఒళ్ళు ఊడదీసి దాన్ని తొడిగారు.

ఇలా ఒళ్ళు తీసేసి వాడుకునే పాత కారుని 'డోనర్' అంటారు. కిడ్నీ ఇచ్చేవాణ్ణి అన్నట్టే. ఆ మాట విన్నాక షెడ్డులో నాకు కాస్త ధైర్యం వచ్చింది.

నేను కొన్నది జెంట్రీ అనే కిట్. 1950ల నాటి ఎంజీ టీఎఫ్ స్పోర్ట్స్ కారు పోలికతో ఉంటుంది. పొడుగాటి ముక్కు, పక్కకి పాకిన మడ్‌గార్డులు, పైకప్పు గుడ్డ. ఎవరో పెద్దమనిషి 1976లో తన గరాజులో కట్టుకున్నాడు. ఆయన పోయాక చాలా ఏళ్ళు దుప్పటి కప్పి ఉంచి, కొడుకు అమ్మేశాడు. కారుతో పాటు ఒక బిస్కెట్ల డబ్బా నిండా బోల్టులు, ఆయిలు పీల్చుకుని అట్ట కట్టిన ఒక నోటు పుస్తకం ఇచ్చాడు. షెడ్డుకి తెచ్చి కింద దీపం పెట్టి చూశాను. నిలువునా రెండు దూలాలు, మధ్యలో అడ్డంగా పడుకున్న ఆకుల స్ప్రింగు. నలభై ఐదేళ్ళ తర్వాత కూడా గుర్తుపట్టాను. హెరాల్డ్! కవెంట్రీలో తయారైన 1967 ట్రయంఫ్ హెరాల్డ్. మన డాక్టరు గారి కారుకి అక్కడి అక్క. దానికి విడిగా చాసిస్ ఉంటుంది కాబట్టి ఎందరో దాని మీద తమ కలలు కట్టుకున్నారు.

పాత ఫ్యాక్టరీ కారు బాగుచేసేవాడికి ఒక సౌకర్యం ఉంది. మొదట్లో ఎలా ఉండేదో పుస్తకంలో ఉంటుంది, అలా చేస్తే చాలు. కిట్ కారుకి ఆ 'మొదట్లో' లేదు. ఎవరు కట్టారో వాళ్ళ చేతివాటమే దాని అసలు రూపం. మా కారు కట్టినాయన చెక్కపని తెలిసినవాడు. డాష్‌బోర్డు, సీట్ల కింద పెట్టెలు, అతుకులు గోరు పట్టనంత బిగువు. నేల చెక్క తిరగేస్తే పెన్సిల్‌తో అంగుళాల లెక్కలు. ఒకచోట తీసివేత తప్పు చేసి, కొట్టేసి, మళ్ళీ చేశాడు. మన లెక్కల మాస్టారైతే కొట్టివేతకి ఒక మార్కు తగ్గించేవారు. వైరింగు మాత్రం ఘోరం. హెడ్‌లైటుకీ, హారనుకీ, వైపరుకీ, అన్నిటికీ ఒకే ఎర్ర వైరు. ఎవడి దగ్గరో చుట్ట చవగ్గా దొరికినట్టుంది. ఫిట్టరు గారు చూసి, "ఈయనకి చెక్క మాట్లాడుతుంది, కరెంటు మాట్లాడదు" అన్నాడు.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి అని మూడేళ్ళు వాదించుకున్నాం. వైరింగు మొత్తం తీసేశాం, అందులో వాదన లేదు. చెక్కపని ముట్టుకోలేదు. స్పీడోమీటరు కన్నం పావంగుళం పక్కకి ఉంది, అలాగే ఉంచాం. ముందు డ్రమ్ బ్రేకులు తీసి స్పిట్‌ఫైర్ కారు డిస్కులు వేశాం. 1147 సీసీ ఇంజను తీసి, అదే కుటుంబంలోది 1296 పెట్టాం. నాకు చాసిస్ కోయించి గట్టి గొట్టాలు అతికించాలని ఉండేది. టీచరమ్మ కాగితం మీద లెక్క చూపించింది. అప్పట్లో అక్కడ రిజిస్ట్రేషను నిలవాలంటే పాయింట్లు కావాల్సి ఉండేది. చాసిస్ మార్చకుండా ఉంచితే 5. సస్పెన్షను, యాక్సిళ్ళు, గేరుబాక్సు, స్టీరింగు తలా 2. ఇంజనుకి 1. కనీసం 8 రావాల్సి ఉండేది, చాసిస్ ముట్టుకోకూడదు. రాకపోతే కారుని కొత్తదానిలా పరీక్షకి నిలబెట్టాల్సి వచ్చేది. ఇంజనే కారుకి గుండె అని మనం అనుకుంటాం. సర్కారు గుండెకి ఒకటిచ్చి వెన్నెముకకి ఐదిచ్చింది. డాక్టరుగా నాకు అభ్యంతరం ఉంది గానీ చాసిస్ జోలికి పోలేదు.

2017లో రోడ్డెక్కింది. రెండేళ్ళు హాయిగా తిరిగాం.

ఇప్పుడు చెప్పబోయేది మా షెడ్డు బయట ఎక్కడా చెప్పలేదు. 2019 ఆగస్టు, ఆదివారం. టీచరమ్మ మనవడికి పదకొండేళ్ళు. ఎక్కించుకుంటానని వాడికి ఎప్పుడో మాటిచ్చాను. పెద్ద రోడ్డు మీద గంటకి 50 మైళ్ళ వేగంతో వెళ్ళాం. వాడు గాలికి నోరు తెరుచుకుని నవ్వుతున్నాడు. పది నిమిషాల తర్వాత ఐస్‌క్రీం కోసం ఒక కార్ పార్కులోకి మెల్లగా తిప్పాను, మనిషి నడిచే వేగం. టప్పున శబ్దం. కారు ఎడమ ముక్కు నేలకి తగిలింది. ముందు ఎడమ చక్రం మడతపడి మడ్‌గార్డు కింద పడుకుంది. పిల్లవాడికి ఏమీ కాలేదు. "ఇది మామూలేనా అంకుల్?" అని అడిగాడు. నాకు మాట రాలేదు. మత్తిచ్చే టేబులు దగ్గర నిలబడినన్నాళ్ళూ నా చెయ్యి వణకలేదు. ఆ పూట తాళంచెవి బయటికి తియ్యలేకపోయాను.

హెరాల్డ్ ముందు చక్రం ఒక నిలువు ఉక్కు కడ్డీ మీద ఉంటుంది. దాని కింది కొసకి మరలు ఉంటాయి. ఆ మరలు ఒక ఇత్తడి రంగు దిమ్మలో తిరుగుతాయి. స్టీరింగు తిప్పినప్పుడల్లా అక్కడే తిరుగుడు. దాన్ని ట్రనియన్ అంటారు. మా కడ్డీ సరిగ్గా ఆ మరల దగ్గర విరిగింది. గురువారం షెడ్డులో ఫిట్టరు గారు విరిగిన ముక్క దీపం కింద పెట్టాడు. ముప్పాతిక భాగం నల్లగా ఉంది, ఎప్పటిదో పగులు. కొత్తగా తెగి మెరుస్తున్నది నెలవంక అంతే. ఆ నెలవంక మీద పిల్లవాడితో 50 మైళ్ళు వెళ్ళాను.

"ఏళ్ళ తరబడి ఆయిలు చూడలేదు ఇది" అన్నాడాయన. అందరూ ఆ పోయిన పెద్దమనిషినే అన్నారు. చెక్కపని వచ్చు, బండి పని రాదు, అని. నేను నోరు మెదపలేదు. అది ఒప్పుకోవడానికే ఇవాళ ఇక్కడ నిలబడ్డాను. రెండేళ్ళుగా ఆ నిపుల్‌లోకి గ్రీజు గన్ పెట్టి కొడుతున్నది నేనే. నిపుల్ కనిపిస్తే గ్రీజే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు, పుస్తకం తియ్యలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక మన బ్యాచ్ వాడొకడికి ఫోన్ చేశాను. సాయిబు గారి అబ్బాయి. మూడో వరసలో కూర్చున్నాడు, పేరు చెబితే ఊరుకోనన్నాడు. మన దగ్గర తెల్లవారుజాము. సంగతి చెప్పాను.

"గ్రీజు పెట్టావా?" అన్నాడు.

"పెట్టాన్రా."

"మా నాన్న ఉండుంటే నీ చెంప పగలగొట్టేవాడు. హెరాల్డ్‌కి అక్కడ గేరాయిలు పొయ్యాలిరా. గ్రీజు ఆ మరల్లోకి దిగదు. పైన బిగుసుకుని కూచుంటుంది, కింద నీళ్ళు చేరి తుప్పు పడుతుంది. డాక్టరు గారి కారుకి పొయ్యడానికి లోటాతో ఆయిలు పట్టుకుని నిలబడింది నేనూ, నువ్వూ కాదూ?"

నిలబడ్డాను. గుర్తొచ్చింది. చేతులు జిడ్డయ్యాయని డ్రాయింగు పీరియడ్‌లో నన్ను బయట నిలబెట్టారు కూడా. లోటా గుర్తుంది గానీ అది ఎందుకో ఆనాడు అడగలేదు.

పొద్దున్నే ఆ అట్ట కట్టిన నోటు పుస్తకం తీసి, పేజీలు విడదీయడానికి కూర్చున్నాను. ఏడాదికి రెండుసార్లు, మార్చిలో, సెప్టెంబరులో, ఒకే మాట: ట్రనియన్లకి ఆయిలు, గ్రీజు కాదు. 'కాదు' కింద గీత. చివరి సెప్టెంబరు నాటికి అక్షరాలు వంకర్లు పోయాయి. అయినా రాశాడు. ఆ పుస్తకం అయిదేళ్ళు నా అలమారలో ఉంది.

పగులు ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. దుప్పటి కింద ఉన్న ఏళ్ళలోనే కావచ్చు. కానీ రోడ్డెక్కించే ముందు విప్పి చూడనిది నేను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే మత్తు యంత్రం గొట్టం గొట్టం చూసుకోకుండా ఒక్క రోగినీ ముట్టుకోలేదు. ఇది సరదా కదా అని వదిలేశాను.

తర్వాతి గురువారం షెడ్డులో పుస్తకం బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. ఫిట్టరు గారు పుస్తకం ఆసాంతం చదివి, "ఈయనకి మనం క్షమాపణ బాకీ" అన్నాడు. టీచరమ్మ వెల్డింగ్ గ్లవుజులు తీసేసి బయటికి వెళ్ళిపోయింది. నెల రోజులు రాలేదు. నేను ఫోన్ చెయ్యలేదు, చేసి ఏం చెప్పాలి? వచ్చిన రోజున ఒక కొత్త నోటు పుస్తకం తెచ్చింది. ఏ కారైనా సరే, ఇంకొకర్ని ఎక్కించుకునే ముందు, దాన్ని కట్టనివాళ్ళు ఇద్దరు చూసి అందులో సంతకం పెట్టాలి. అప్పటినించి ఇదే పద్ధతి. మొదటి పేజీలో నా కారు. ముందు చక్రాల రెండు కడ్డీలూ కొత్తవి. ఆవిడ ఒక సంతకం పెట్టింది, ఫిట్టరు గారు రెండోది. మనవడిని మళ్ళీ ఎక్కించడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది. ఆ నిర్ణయం వాడి తల్లిది, నేను అడగలేదు.

పాత నోటు పుస్తకంలో ఖాళీ పేజీలు మిగిలాయి. మార్చికి, సెప్టెంబరుకి నేనే రాస్తున్నాను, ఆయన రాతకి కిందనే, తెలుగులో.

మూడో వరసలో ఉన్నవాడు వచ్చే జూన్‌లో మా ఊరు వస్తున్నాడు. కారు చూడటానికట, నన్ను కాదు. ఆయిలు గన్ వాళ్ళ నాన్నది తెస్తానంటున్నాడు. అక్కడ దొరుకుతుందిరా అంటే నమ్మడం లేదు. విమానంలో రానిస్తారో లేదో మీలో ఎవరికైనా తెలిస్తే భోజనాల దగ్గర వాడికి చెప్పండి.