మెరుపు కన్నా శుభ్రం ముఖ్యం



ఈరోజు మాట కారు గురించి. "కారు మాకెక్కడిది?" అని కొందరు నవ్వుతారు. నిజమే. కారు ఉన్నవాళ్లు వేరు. కారు తుడిచేవాళ్లు వేరు. ఈ మాట తుడిచేవాళ్ల కోసం.

హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు. అక్కడ వాచ్‌మన్‌గా ఉన్నాయన, ఆయన భార్య పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చారు. ఆయన గేటు దగ్గర ఉంటాడు. ఆ అక్క మెట్లు ఊడుస్తుంది. పొద్దున్నే 6 కార్లు తుడుస్తుంది. కార్లు తుడిచిన డబ్బుతోనే పిల్లల పుస్తకాలు, ఫీజులు.

ఒకరోజు ఒక కారాయన అన్నాడు:

"లోపల కూడా తుడిచిపెట్టమ్మా. పెళ్లికి వెళ్లాలి. బాగా మెరవాలి."

"సరే సార్" అంది అక్క.

మెట్ల కింద ఒక సీసా ఉంది. రంగులు వేసినవాళ్లు వదిలేసి పోయారు. చూడడానికి నీళ్లలాగే ఉంది. దానితో జిడ్డు బాగా పోతుందని ఎవరో అంటే అక్క విన్నది. గుడ్డ తడిపింది. స్టీరింగు వెనక మీటరు ఉంటుంది కదా. దాని మీద గాజులాంటి మూత ఉంటుంది. ఆ మూతను తుడిచింది.

జిడ్డు పోయింది. కాని మూత పొగ పట్టినట్టు తెల్లబడిపోయింది. ఎంత తుడిచినా ఆ తెలుపు పోలేదు. మీటరులో అంకెలు కనిపించడం లేదు.

"ఏంటమ్మా ఇది? ఏం పెట్టి తుడిచావు?"

"తెలియదు సార్. నీళ్లలాగా ఉంటే..."

ఆ నెల ఆయన 800 రూపాయలు పట్టుకున్నాడు. అక్క ఏమీ అనలేకపోయింది.

రాత్రి ఆ సీసాను కూతురికి చూపించింది. కూతురు తొమ్మిదో తరగతి. సీసా మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"అమ్మా, ఇది థిన్నర్. రంగుల్లో కలిపేది."

"మరి ఈ బొమ్మ ఏంటే?"

"నిప్పు బొమ్మ అమ్మా. మంట దగ్గర పెడితే అంటుకుంటుందని."

అక్క గుండె ఝల్లుమంది. రెండు రోజులుగా ఆ సీసా పొయ్యి పక్కనే ఉంది.

ఆ మరుసటి వారమే అక్క చదువు కేంద్రానికి వచ్చింది.

ఇంతకీ ఆ మూత ఎందుకు పాడయింది? అది గాజు కాదు. ప్లాస్టిక్.

కారు లోపల చాలా భాగం ప్లాస్టికే. ముందు అద్దం కింద బల్లలాగా ఉండేది డాష్‌బోర్డు. అది ప్లాస్టిక్. తలుపుల లోపలి వైపు, ఏసీ గాలి వచ్చే జాలీ, స్విచ్చీలు, మీటరు మూత, అన్నీ ప్లాస్టిక్. కాని అన్ని ప్లాస్టిక్‌లు ఒకటి కావు. నీళ్ల బిందె ఒక రకం. పెన్ను మూత ఒక రకం. కారులోనూ అంతే. కొన్ని గట్టివి. కొన్ని మెత్తనివి. కొన్ని గాజులాగా అవతలి వైపు కనిపించేవి. ఈ గాజులాంటివే చాలా సున్నితం. థిన్నర్, పెట్రోలు, గోళ్ల రంగు తీసే మందు తగిలితే ఇవి తెల్లబడతాయి. సన్నగా పగుళ్లు వస్తాయి. అవి మళ్లీ మామూలు కావు.

ప్లాస్టిక్‌కు పెద్ద శత్రువు ఇంకొకటి ఉంది. అది ఎండ. ప్లాస్టిక్ కుర్చీని రెండు మూడు ఎండాకాలాలు మేడ మీద వదిలేయండి. రంగు వెలిసిపోతుంది. పెళుసుబారుతుంది. ఒకరోజు కూర్చోగానే విరుగుతుంది. ఎండలో కంటికి కనపడని కిరణాలు ఉంటాయి. అవి ప్లాస్టిక్‌ను కొద్దికొద్దిగా తినేస్తాయి. దానికి వేడి తోడవుతుంది.

మెత్తని ప్లాస్టిక్‌లో మెత్తదనం కోసం నూనెలాంటి పదార్థం కలుపుతారు. వేడికి అది మెల్లగా బయటికి వస్తుంది. కారు ముందు అద్దానికి లోపలి వైపు జిడ్డు పొర పడుతుంది. చాలామంది చూసే ఉంటారు. ఆ జిడ్డులో కొంత ప్లాస్టిక్ నుంచి వచ్చిందే. అలా నూనె పోయిన ప్లాస్టిక్ గట్టిపడి పగులుతుంది.

అందుకే మొదటి మందు నీడ. కారు నీడలో పెట్టాలి. నీడ లేకపోతే ముందు అద్దానికి లోపల అట్ట అడ్డం పెట్టాలి. ఈ మాట కారు యజమానికి చెప్పవచ్చు. చెప్పడం తప్పు కాదు. తుడిచేవాళ్లకు తెలిసినంత కారు నడిపేవాళ్లకు తెలియకపోవచ్చు.

ఇక తుడిచే పద్ధతి. ఆ అక్క ఇప్పుడు ఇలా చేస్తోంది.

ముందు నాలుగు తలుపులూ తెరుస్తుంది. లోపలి వేడి పోనిస్తుంది. డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూస్తుంది. వేడిగా ఉంటే ఆగుతుంది. వేడి ప్లాస్టిక్ మీద సబ్బు నీళ్లు గబుక్కున ఆరిపోయి మరకలు పడతాయి.

తర్వాత కాలి పట్టాలు తీసి దులుపుతుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులుపుతుంది. పై నుంచి కిందికి వస్తుంది. కింద తుడిచి పైన దులిపితే పని రెండింతలు. ఏసీ జాలీలకు మెత్తని పాత పళ్ల బ్రష్షు చాలు.

దుమ్ము పోకముందే గుడ్డతో గట్టిగా రుద్దకూడదు. దుమ్ములో ఇసుక ఉంటుంది. ఇసుక పెట్టి గిన్నె తోమితే గీతలు పడతాయి. ప్లాస్టిక్‌కూ అంతే.

తర్వాత ఒక మగ్గు నీళ్లలో రెండు మూడు చుక్కల షాంపూ వేస్తుంది. అంతకన్నా ఎక్కువ వద్దు. మెత్తని నూలు గుడ్డ ముంచి గట్టిగా పిండుతుంది. గుడ్డలో నుంచి నీళ్లు కారకూడదు. స్విచ్చీల్లోకి, పాటలు వచ్చే పెట్టెలోకి నీళ్లు పోతే అవి చెడిపోతాయి. గుడ్డకు గుండీలు, హుక్కులు, జరీ ఉండకూడదు.

తర్వాత మంచినీళ్ల గుడ్డతో ఒకసారి. పొడి గుడ్డతో ఒకసారి. మీటరు మూతకు సబ్బు కూడా అక్కరలేదు. మెత్తని తడి గుడ్డ చాలు. మెల్లగా తుడవాలి.

దసరాకు ఒక చిక్కు వస్తుంది. ఆయుధపూజ చేస్తారు. స్టీరింగుకు పసుపు, కుంకుమ పెడతారు. మర్నాడు తుడిచేది అక్కే. సబ్బు నీళ్లు తగలగానే పసుపు ఎర్రబడుతుంది. మొదటిసారి అక్క హడలిపోయింది. మళ్లీ డబ్బు పట్టుకుంటారని భయం. కాని ఆ సంగతి ఆడవాళ్లందరికీ తెలిసిందే. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అవుతుంది. సబ్బులోనూ సున్నంలో ఉన్నట్టే క్షార గుణం ఉంది. భయం లేదు. ముందు పొడిగా ఉన్నప్పుడే పసుపు, కుంకుమ దులిపేయాలి. తర్వాత తడి గుడ్డ. కొంచెం పసుపు రంగు మిగిలినా ఎండ తగిలితే కొన్నాళ్లకు వెలిసిపోతుంది. గట్టిగా గీకకూడదు.

అగరుబత్తి డాష్‌బోర్డుకు గుచ్చకూడదు. నిప్పు రవ్వ పడితే ప్లాస్టిక్ కరిగి మచ్చ పడుతుంది. ఆ మచ్చ పోదు.

ఇక పాలిష్ మాట. కొందరు కొబ్బరినూనె రాస్తారు. ఆ పూట మెరుస్తుంది. మర్నాటికి ఆ జిడ్డుకు దుమ్మంతా అంటుకుంటుంది. నూనె వద్దు.

బజారులో డాష్‌బోర్డు పాలిష్ సీసాలు దొరుకుతాయి. అది రాస్తే నల్లగా, కొత్తదానిలా కనిపిస్తుంది. కాని కొన్నాళ్లే. వెలిసిన రంగును అది తిరిగి తేలేదు. పగుళ్లను పూడ్చలేదు. యజమాని అడిగితేనే రాయాలి. గుడ్డ మీద కొంచెం వేసుకుని పల్చగా రాయాలి. తర్వాత పొడి గుడ్డతో తుడిచేయాలి. ఎక్కువ రాస్తే ఎండ పడినప్పుడు ఆ మెరుపు ముందు అద్దంలో కనిపిస్తుంది. డ్రైవరుకు రోడ్డు సరిగా కనపడదు.

స్టీరింగుకు, గేరుకు, కాలితో తొక్కే బ్రేకుకు పాలిష్ అసలు రాయకూడదు. చెయ్యి జారుతుంది. కాలు జారుతుంది. బ్రేకు మీద కాలు జారితే ప్రాణాలే పోతాయి. "అన్నీ మెరవాలి" అని యజమాని చెప్పినా, "ఇవి మాత్రం వద్దు సార్, జారుతుంది" అని చెప్పాలి.

స్టీరింగు మధ్యలో, డాష్‌బోర్డు ఎడమ వైపు ఎయిర్‌బ్యాగ్ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. గుద్దుకున్నప్పుడు అక్కడి నుంచి గాలి సంచి ఒక్కసారిగా బయటికి వచ్చి మనిషిని కాపాడుతుంది. 2019 జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త కార్లలో డ్రైవరు ముందు ఇది తప్పనిసరి. అక్కడ నీళ్లు పోయకూడదు. గట్టిగా నొక్కకూడదు. దాని మీద బొమ్మలు అంటించకూడదు.

పనిచేసే మనిషి ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. తలుపులు మూసుకుని పాలిష్ రాయకూడదు. ఆ వాసనకు తల తిరుగుతుంది. చేతులకు తొడుగులు అడగాలి. రోజూ సబ్బు నీళ్లలో నానితే చేతులు పగులుతాయి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎప్పుడూ కలపకూడదు. కలిస్తే విషవాయువు వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద మాట ఇది. అక్క చిన్న కొడుకు వెంట వచ్చి కారులో ఆడుకునేవాడు. ఇప్పుడు రానివ్వడం లేదు. అమెరికాలోని ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కార్లను ఎండలో పెట్టి చూశారు. ఆ లెక్కలు 2018లో బయటికి వచ్చాయి. బయట 38 డిగ్రీలకు దగ్గరగా లేక అంతకు మించి ఎండ. ఒక గంటకు కారు లోపలి గాలి సుమారు 47 డిగ్రీలకు వచ్చింది. డాష్‌బోర్డు సుమారు 69 డిగ్రీలు. నీళ్లు మరిగేది 100 డిగ్రీలకు. అంటే 69 డిగ్రీలు చెయ్యి కాలే వేడి. నీడలో పెట్టిన కారులో కూడా డాష్‌బోర్డు సుమారు 48 డిగ్రీలకు చేరింది. మన ఎండాకాలం అంతకు తక్కువేమీ కాదు. పెద్దల కన్నా పిల్లల ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. మూసిన కారులో పిల్లలు చిక్కుకుంటే ప్రాణం పోతుంది. అందుకే పని అయ్యాక అక్క వెనక సీటు కూడా చూస్తుంది. తర్వాతే తలుపు వేస్తుంది. తాళంచెవి పిల్లల చేతికి ఇవ్వదు.

ఇప్పుడు అక్క దగ్గర మూడు సీసాలు ఉన్నాయి. బజారు సీసాల మీద తెలుగు ఉండదు చాలాసార్లు. అందుకని అక్క ఒక పని చేసింది. కూతురి చేత చదివించుకుంది. తెల్ల కాగితం ముక్కలు అంటించింది. తన చేత్తో రాసింది. ఒకదాని మీద "షాంపూ. ప్లాస్టిక్‌కు." రెండోదాని మీద "అద్దానికి మాత్రమే." మూడోదాని మీద "పాలిష్. స్టీరింగుకు వద్దు." అక్షరాలు వంకరగానే ఉన్నాయి. అయినా చదవడానికి వస్తున్నాయి. అది చాలు. పేరు లేని సీసాను అక్క ఇప్పుడు ముట్టుకోదు.

ఒక నోటు పుస్తకం కూడా పెట్టుకుంది. అందులో తేదీ, కారు నంబరు, చేసిన పని, రావాల్సిన డబ్బు రాస్తుంది.

మొన్న ఇంకొక కారాయన వచ్చాడు.

"ఈ మీటరు మీద గీత నువ్వే పెట్టావా?"

అక్క పుస్తకం తెరిచింది.

"చూడండి సార్. పని మొదలుపెట్టిన రోజే రాశాను. మీటరు మూత మీద గీత ముందే ఉంది. ఆ రోజు మేడం గారికి చూపించాను."

ఆయన పుస్తకం చూశాడు. మీటరు చూశాడు.

"నిజమేనమ్మా" అన్నాడు. ఆ నెల డబ్బు మొత్తం ఇచ్చాడు.

అక్కల్లారా, అప్పుడు 800 రూపాయలు పోయింది చేతకాక కాదు. సీసా మీద పేరు చదవలేక. ఇప్పుడు డబ్బు నిలిచింది నాలుగు మాటలు రాసుకున్నందుకు.

ఈరోజు ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న సీసాలన్నీ ఒకచోట పెట్టండి. కిరోసిన్, యాసిడ్, ఫినాయిల్, మందులు. ఏది ఏదో చదివించుకోండి. మీ చేత్తో పేరు రాసి అంటించండి. పిల్లలకు అందని చోట పెట్టండి. పనికి వెళ్లేవాళ్లు ఒక చిన్న పుస్తకం కొనుక్కోండి. మొదటి పేజీలో మీ పేరు రాయండి. రెండో పేజీ నుంచి మీ పని రాయండి.