తాడు దాచుకున్న మనిషి

 

కొడుకులందరినీ పోగొట్టుకున్న ధృతరాష్ట్రుడికి విదురుడు మహాభారతం స్త్రీపర్వంలో ఒక కథ చెబుతాడు. అడవిలో దారి తప్పిన బ్రాహ్మణుడు పాడుబావిలో పడి, తీగలకు చిక్కుకొని తలకిందులుగా వేలాడుతుంటాడు. అడుగున మహాసర్పం, ఒడ్డున ఏనుగు. పట్టు దొరికిన చెట్టునేమో తెల్లవీ నల్లవీ ఎలుకలు కొరుకుతున్నాయి. అవి పగళ్లూ రాత్రులూ. అయినా ఆ మనిషి పైనుంచి కారే తేనె చుక్కలకు నోరు తెరుస్తూనే ఉంటాడు.

ఈ కథ దేశాలు తిరిగి, రూపం కాస్త మార్చుకుని, రష్యాలో టాల్‌స్టాయ్‌ని చేరింది. ‘యుద్ధము-శాంతి’, ‘అన్నా కెరనీనా’ రాసేశాక, యాభై ఏళ్ల వయసులో, భూములూ పేరూ పిల్లలూ అన్నీ ఉండగా, ఏం చేయబోయినా ‘సరే, ఆ తర్వాత?’ అన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. ఉరిపోసుకుంటానేమోనని తాడు కంటపడకుండా దాచాడు. తుపాకి తీసుకుని వేటకెళ్లడం మానేశాడు. కుటుంబం, రచన అనే రెండు తేనె చుక్కలూ ఇక తియ్యగా లేవని ‘కన్ఫెషన్’ అనే పుస్తకంలో రాసుకున్నాడు.

శాస్త్రాలను అడిగాడు, తత్వవేత్తలను చదివాడు. చివరికి పొలం దున్నుకునే రైతులను గమనించాడు. బిడ్డలు పోయినా, తామే మంచాన పడినా వాళ్లు బతుకు మీద విసుగు పెంచుకోలేదు. వాళ్లను నిలబెడుతున్నది విశ్వాసమేనని ఆయనకు తోచింది. తానూ చర్చికి వెళ్లాడు, ఉపవాసాలున్నాడు. కానీ బుద్ధి ఒప్పుకోని సిద్ధాంతాలను మింగలేక బయటికొచ్చాడు. 1901లో చర్చి ఆయన్ను వెలివేసింది.

విశ్వాసం మత్తుమందు అనేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. మత్తు కోరుకున్నవాడు వెలి దాకా ఎందుకు పోతాడు? ఆయన దేవుణ్ణి నమ్మాడు, ప్రశ్ననూ వదల్లేదు. 1891లో కరువొచ్చినప్పుడు, అరవై మూడేళ్ల వయసులో, కూతుళ్లతో కలిసి రియాజాన్ పల్లెల్లో ఉచిత భోజనశాలలు తెరిచాడు. ఆయన నమ్మకం నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఆ వంటశాలల్లోనే.

పట్టాలు అందుకున్న మీలో రోజూ పూజ చేసేవాళ్లున్నారు, నమాజు చదివేవాళ్లున్నారు, ప్రార్థన చేసేవాళ్లున్నారు, ఏదీ నమ్మనివాళ్లూ ఉన్నారు. ఎవరినీ మార్చాలని నేను రాలేదు. కానీ ‘సరే, ఆ తర్వాత?’ అన్న ఆ ప్రశ్న మీలో చాలామందికి ఏదో ఒక రాత్రి ఎదురవుతుంది. అప్పుడు దయచేసి ఒంటరిగా ఉండకండి. అమ్మకు చెప్పండి, స్నేహితుడికి ఫోన్ చేయండి. అర్ధరాత్రి మీ మాస్టారి ఇంటి తలుపు తట్టినా ఫరవాలేదు.