ఉప్పునీళ్ళకు కుంకుడు, ఉతికిన బట్టకు వట్టివేరు



సేద్యగాని ఇంటిలో ఖర్చు అనగానే విత్తనాలు, ఎరువులు, కూలీలు గుర్తుకు వస్తవి. బట్టల సబ్బు ఖర్చు ఎవరి లెక్కలోను ఉండదు. చిల్లర చిల్లరగా పోతుంది కనుక కంటికి కనబడదు. ఒక నెల రోజులు సబ్బుకు, సబ్బుపొడికి, బట్టల వాసన మందుకు పెట్టిన డబ్బు రాసిపెట్టి చూడండి. అందులో కొంత మురికి కోసం కాదు, నీళ్ళ కోసమే పోతున్నదని తేలుతుంది. అదెట్లాగో చెబుతాను.

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెలలో చాలాచోట్ల బోరునీళ్ళే ఆధారము. భూమి లోతునుంచి వచ్చే ఈ నీళ్ళలో సున్నము, మెగ్నీషియము కరిగి ఉంటవి. అట్టి నీళ్ళలో పప్పు త్వరగా ఉడకదు, నీళ్ళు కాచే కాగులో తెల్లని పెచ్చు కడుతుంది. ఈ నీళ్ళలో సబ్బు రుద్దితే, సున్నము ముందుగా సబ్బును పట్టుకొని తెట్టుగా విరగగొడుతుంది. అది తీరితేగాని నురుగు రాదు. ఆ తెట్టు బట్టకు అంటుకొని తెల్లపంచె కూడా మసకబారుతుంది. అంగడిలో దొరికే సబ్బుపొడులకు ఈ ఇబ్బంది తక్కువే. కాని వాటిలో చాలావాటికి క్షారము ఎక్కువ. పట్టుబట్టకు అది పడదు.

కుంకుడుకాయ తీరు వేరు. దాని తొక్కలో సాపోనిన్ అనే నురుగు పదార్థమున్నది. సున్నపునీళ్ళు దీనిని సబ్బును విరిచినట్లు విరవలేవు. నమ్మకం లేకపోతే రెండు గాజుసీసాలలో మీ బోరునీళ్ళే పోయండి. ఒకదానిలో సబ్బుముక్క, రెండవదానిలో కుంకుడు రసము వేసి బాగా కుదపండి. ఏది విరిగినదో, ఏది నురుగు పట్టినదో మీ కళ్ళే చెబుతవి. విస్తరణ కార్యకర్తలు ఈ పరీక్షను గ్రామ సమావేశములో చేసి చూపవచ్చు.

ఇక రసము తీసే పద్ధతి. ఎండిన కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసివేయండి. తొక్క 100 గ్రాములకు ఒకటిన్నర లీటరు నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టండి. తెల్లవారి 20 నిమిషాలు సన్నని సెగమీద ఉడికించి, చల్లారిన తరువాత చేతితో పిసికి, పలుచని బట్టలో రెండుసార్లు వడగట్టండి. సుమారు ఒక లీటరు రసము వస్తుంది. 15 లీటర్ల బకెట్టు నీళ్ళకు ఒక పెద్ద గ్లాసుడు పోసి, బట్టలు అరగంట నానబెట్టి ఉతకండి. ఈ రసము మూడు నాలుగు రోజులకే పులుస్తుంది. కనుక ఏ వారానికావారము చేసుకోవలెను. తొక్కను ఎండబెట్టి దంచి, తడి తగలని డబ్బాలో ఉంచితే పొడి మాత్రము నెలల తరబడి నిలుస్తుంది.

చెమట, దుమ్ము దీనితో పోతవి. ట్రాక్టరు గ్రీజు, నూనె జిడ్డు పోవు. వాటికి సబ్బే వాడండి. తెల్లబట్టలకు చిక్కని రసము వాడితే పసుపురంగు పట్టవచ్చును, కాబట్టి బాగా జాడించండి. పట్టుచీరలకు, శ్రీకాళహస్తి కలంకారీ బట్టలకు మాత్రము కుంకుడు చాలా మంచిది. కలంకారీ రంగులు కరక్కాయ, పటిక మొదలైనవాటితో బట్టకు పట్టించినవి. సోడా తగిలితే చెడుతవి. చల్లని నీళ్ళలో పలుచని రసము కలిపి, బండకు బాదకుండా మెల్లగా ముంచి తీసి, నీడలో ఆరవేయవలెను.

ఇప్పుడు వాసన సంగతి. మల్లెపూలు ఉడికించి ఆ నీళ్ళు పోస్తే వాసన వస్తుందని కొందరు అనుకొంటారు. ఆ సువాసన వేడికి ఎగిరిపోతుంది. బట్టకు నిలిచేది వేరు వాసన. శుభ్రముగా కడిగిన వట్టివేళ్ళు ఒక పిడికెడు తీసుకొని, రెండు లీటర్ల వేడినీళ్ళలో వేసి మూతపెట్టి రాత్రంతా ఉంచండి. వడగట్టి కడపటి జాడింపు నీళ్ళలో కలపండి. దీనికి కొద్దిగా రంగు ఉంటుంది, తెల్లవాటికి వద్దు. తెల్లబట్టల పెట్టెలో ఎండిన వట్టివేరు, నీడన ఆరిన దవనము, మరువము గుడ్డలో మూటగట్టి పెడితే చాలును. మన శేషాచలము కొండల ఎర్రచందనము ఇందుకు పనికిరాదు. దానికి రంగే గాని శ్రీగంధపు వాసన లేదు. అడవిలో దానిని నరికితే శిక్ష కూడా ఉన్నది.

ఒక మాట గట్టిగా చెప్పవలెను. మురికి పోవడము వేరు, వాసన రావడము వేరు. పురుగుమందు చల్లిన బట్టల కంపును వట్టివేరుతో కప్పిపెట్టవద్దు. కంపు మరుగుపడినా విషము బట్టలోనే ఉంటుంది. ఆ బట్టలను ఇంటిల్లిపాది బట్టలతో కలపక, చేతులకు తొడుగులు వేసుకొని, సబ్బుపొడి, వేడినీళ్ళతో వేరుగా ఉతకండి. ఎండలో ఆరవేయండి. ఆ నీళ్ళు బావి దగ్గర గాని, చెరువులో గాని పోయవద్దు.

కుంకుడు నీళ్ళు కూడా చెరువులో కలపరాదు. దాని నురుగు చేపలకు విషము. కంట్లో పడితే మంట పుడుతుంది కనుక పిల్లలకు అందనీయకండి. మందు సీసాలలోను, తాగేనీళ్ళ సీసాలలోను రసము నిలువచేయకండి. సీసామీద పేరు రాయండి. ఇంటిలో కాస్టిక్ సోడాతో సబ్బు వండవలెనని కొందరికి ఉబలాటము. అది చర్మాన్ని, కన్నును కాల్చివేస్తుంది. అల్యూమినియము గిన్నెను తినివేస్తుంది. తెలిసినవారి దగ్గర కూర్చుండి నేర్చుకోకుండా దాని జోలికి పోవద్దు.

ఇక మొక్కల మాట. కుంకుడు కాపుకు రావడానికి ఏండ్లు పడుతుంది. కాని మన మెట్ట ఎండలను ఓర్చుకొంటుంది. పెరటిలోనో, పొలము మూలనో ఒక చెట్టుంటే పిల్లల తరానికీ కాయ ఇస్తుంది. వట్టివేరు గట్లమీద నాటితే మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది. కాని గట్టును కాచే వేరును వాసన కోసము తవ్వితే గట్టే తెగుతుంది. అందుకు వేరే మడిలో గాని, మట్టి నింపిన సంచులలో గాని నాలుగు పిలకలు పెంచుకోండి. ఏడాది, ఏడాదిన్నరకు వేరు చేతికి వస్తుంది.

ఈ వారమే ఆ రెండు సీసాల పరీక్ష చేసి చూడండి. నమ్మకము కుదిరితే ఒక బకెట్టు బట్టలతో మొదలుపెట్టండి.