ఓడ పట్టికలో ముత్తాత పేరు



పితృకార్యమునందు కర్త తన తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పును. ఆ పైవారి పేర్లడిగినచో పెక్కుమంది నోరు మెదపజాలరు. పుట్టిన ఊరిలోనే ఉన్నవారి గతి ఇట్లుండగా, సముద్రము దాటిపోయినవాని సంతతి తన మూలమునెట్లు తెలిసికొనగలదు?

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. అందు 342 మంది యుండిరి. వారు చెరకుతోటలలో అయిదేండ్లు పనిచేయుటకు ఒడంబడికపై పోయిన కూలీలు. మగవానికి మొదటి యేడు నెలకు 10 షిల్లింగులు కూలి. అది మొదలు 1911 వరకు ఆ నేటాలు సీమకు 1,52,184 మంది భారతీయులు పోయిరి. వారిలో తెలుగువారు వేలకొలది కలరు. వారి మునిమనుమలు తమ పెద్దల ఊరిని నేటికిని వెదకుచున్నారు.

వారికి మొదటి ఆధారము ఓడ పట్టిక. అందు ప్రతి మనిషికిని ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము, తాలూకా, జిల్లా, దేహముపై గుర్తులు వ్రాయబడినవి. స్త్రీలకును వేరుగా సంఖ్య యుండెను. ఐతే వ్రాసినది ఇంగ్లీషు లిపిలో. గుమాస్తా చెవికి వినబడినదే ఊరి పేరైనది. ఇంటిపేరు తరచుగా లేనే లేదు. అందుచేత ఊరి పేరును పైకి చదివి, తాలూకాతో సరిచూచి, దగ్గరి ధ్వనిగల గ్రామములను ఒక్కొక్కటిగా పరిశీలింపవలెను.

జిల్లాల మార్పు మరియొక చిక్కు. పట్టికలో గంజాము అని యున్నంత మాత్రమున ఒడిషాలోనే వెదకరాదు. శ్రీకాకుళము ఆనాడు గంజాము జిల్లాలోనిది. ఉత్తర ఆర్కాటు అని యున్నచో చిత్తూరు సీమను మరువరాదు. చిత్తూరు జిల్లా 1911లో గాని యేర్పడలేదు.

ఊరు దొరకిన పిమ్మట గ్రామమే సాక్ష్యము చెప్పవలెను. మాన్యములున్న కుటుంబములకు 1858లో ఏర్పడిన ఇనాము కమీషను రికార్డులు కలవు. పట్టాదారులకు సెటిల్మెంటు రిజిస్టర్లు కలవు. భూమిలేని కూలివాని పేరు వానిలో కానరాదు. ఇందొక వింత కలదు: ఊరు విడిచిపోయిన తమ్ముని పేరు, వయస్సు, ఒంటిమీది మచ్చ సైతము కాగితముపై నిలిచినవి, ఊరిలోనే కూలి చేసికొని కన్నుమూసిన అన్న పేరు ఎచ్చటను లేదు. అతనిని నిలుపదగినది ఇంటివారి జ్ఞాపకమొక్కటే. కొన్ని కులములకు పిచ్చుకుంట్లవారివంటి వంశకీర్తకులుండుట కొంత మేలు.

ముసలివారు తేదీలు చెప్పరు. "ధాత కరువునాటికి మా తాత నడక నేర్చినాడు" అందురు. ధాత సంవత్సరము 1876లో ప్రారంభమైనది గనుక తాత పుట్టుక 1875 ప్రాంతమని తేలును. అయితే సంవత్సరముల పేర్లు అరువదేండ్లకు మరల వచ్చును. కావున కరువో, తుపానో, ఆనకట్ట కట్టుటయో తోడుగా అడిగి నిర్ణయింపవలెను. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది.

గ్రంథాలయము అచ్చుపుస్తకములకు మాత్రమే చోటుగా ఉండరాదు. ఒక దళసరి పుస్తకము తెరచి, ప్రతి గడపకును ఒక పుట కేటాయించి, పెద్దలు చెప్పినదెల్ల వారు బ్రతికియుండగానే వ్రాసి ఉంచదగును. చెప్పినవారి పేరును, వ్రాసిన తేదీని చేర్చవలెను. వదంతిని వదంతి యనియే వ్రాయవలెను. కోడండ్ర పేర్లను, వారి పుట్టినిండ్లను విడువరాదు. వంశవృక్షములలో మొదట చెరిగిపోవునవి అవియే.

ఎన్నడైన ఒకనాడు డర్బనునుండి ఒక మనుమరాలు చేతిలో చిన్న చీటితో ఈ మెట్లెక్కి, "ఈ పేరుగలవారు ఇచ్చట నుండిరా?" అని యడుగవచ్చును. ఆనాడు ఆమెకు ఒక పుట తీసి చూపగలిగిన గ్రామమే తన బిడ్డలను మరువని గ్రామము.