చెరువుకట్టలు, బండ్లబాటలు
(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత గ్రామస్థుల సమావేశములో చేసిన ప్రసంగము)



ఆదివారము తెల్లవారుజామున శామీర్‌పేట చెరువు దగ్గర నిలిచి చూచినచో ఒక వింత కనబడును. పట్టణమునుండి కార్లు వచ్చి ఆగును. వానినుండి దిగినవారు బూట్లు బిగించుకొని కొందరు నడకకు, కొందరు పరుగునకు పూనుకొందురు. అదే వేళకు మనవారు పాలక్యానులు కట్టుకొని మోటారుసైకిళ్ళపై వారిని దాటి పోవుదురు. నడచుటకై వారు ఇరువదినాలుగు కిలోమీటర్లు వాహనములో వచ్చుచున్నారు. నడువవలసిన పని లేకుండ మనము చేసికొన్నాము. ఎవరిని చూచి ఎవరు నవ్వవలెనో మాకు ఇప్పటికిని తోచలేదు.

వారు వెదకికొనుచు వచ్చునది మన బాటలనే. ఆ బాటలను గురించియే నేడు నాలుగు మాటలు చెప్పదలచినాము.

నిజాముల కాలమున సాగునీటికై కట్టిన శామీర్‌పేట పెద్దచెరువును ఎరుగనివారు మీలో లేరు. కట్టపై నడచుచున్నప్పుడు ఒకవైపు నీరు, మరొకవైపు ఆయకట్టు. చలికాలమున వలసపక్షులు దిగును. దగ్గరనే జవహర్ జింకల పార్కు ఉన్నది. మేడ్చల్‌కు దక్షిణమున కండ్లకోయ వద్ద రిజర్వు అడవిలో అటవీశాఖవారు ఆక్సిజన్ పార్కును ఏర్పరచి నడకదారులు వేసినారు. పిల్లలతో, వృద్ధులతో పోవువారికి అది అనుకూలము. కాళ్ళలో సత్తువ ఉన్నవారు శామీర్‌పేటకు ఆగ్నేయముగా ఉన్న కీసరగుట్ట ఎక్కవచ్చును. శివరాత్రికి రామలింగేశ్వరుని దర్శింప మనమందరము పోవు గుట్టయే అది. అక్కడి త్రవ్వకములలో విష్ణుకుండినుల నాటి ఇటుక కట్టడములు బయల్పడినవి. జాతర లేని రోజున నెమ్మదిగా ఎక్కినవారికే ఆ గుట్ట విశేషములు తెలియును.

అయితే మాకు అన్నిటికన్న ఇష్టమైనవి పేరులేని బండ్లబాటలు. బొమ్మరాసిపేట, పొన్నాల, అలియాబాద్ వంటి గ్రామములలో తారురోడ్డు దిగి చేలలోనికి పోవు దారులు చూడుడు. ఎర్రమట్టి, రెండువైపుల సీతాఫలపు పొదలు, తాటిచెట్లు, నడుమ నడుమ ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుండ్లు. ఆ రాళ్ళు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మాఘఫాల్గుణములలో మోదుగు పూచినప్పుడు ఆ దారుల అందము చెప్పనలవి కాదు. పరుగెత్తువారి మోకాళ్ళకు సిమెంటు రోడ్డుకంటె ఈ మెత్తని మట్టియే హాయి. కారు లేనివారును రావచ్చును. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాదునుండి మేడ్చల్ వరకు ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు ప్రారంభమైనవి.

నడక పట్టణవాసుల వేడుక అని మీరు అనుకొనవద్దు. పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు చురుకుగా నడచుట వంటి శారీరక శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. మన తాతలు ఆ లెక్కను ఒక్క పూటలో తీర్చివేసెడివారు. 1951లో వినోబాజీ వార్ధా ప్రాంతమునుండి హైదరాబాదు చెంత శివరాంపల్లి వరకు కాలినడకనే వచ్చినారు. అటుపిమ్మట పోచంపల్లికి నడచిపోయినప్పుడే గదా భూదానము పుట్టినది! దున్నుటకు ట్రాక్టరు, అంగడికి మోటారుసైకిలు వచ్చిన నేడు చక్కెరవ్యాధి పల్లెలకును వచ్చినది.

మంచుదేశమైన నార్వే సంగతి ఒకటి వినుడు. చలికాలమున అచటి ప్రజలు పొడుగాటి పట్టెలను కాళ్ళకు తగిలించుకొని మంచుపై జారుచు, కొండలు అడవులు దాటి మైళ్ళకొలది పోవుదురు. భూమి ఎవరిదైనను సరే, సాగుచేయని నేలపై కాలినడకన పోవు హక్కు అందరికిని కలదని 1957లో వారు చట్టము చేసికొన్నారు. సాగుభూమి విషయమున కట్టుబాటు వేరు. నేల గడ్డకట్టినప్పుడో, మంచు కప్పినప్పుడో మాత్రమే దానిపై పోవచ్చును. ఏప్రిల్ 30 మొదలు అక్టోబరు 14 వరకు అదియు కూడదు. ఇది మనకు క్రొత్తయా? పంట ఉన్నంతకాలము గట్టు దిగరాదు. కోత అయిన పిదప కొయ్యకాళ్ళలో మంద తిరుగును, మనిషియు తిరుగును. వారు కాగితముపై వ్రాసికొన్నారు, మనము మాటమీద నడిపించుకొన్నాము.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. భూమి చేతులు మారినప్పుడు ఆ మాట వెంట పోవుట లేదు. గడచిన కార్తీకమున మేము ఒక బండ్లబాట పట్టి పోవుచుండగా హఠాత్తుగా ప్రహరీగోడ అడ్డము వచ్చినది. గొఱ్ఱెలు తోలుకొని వచ్చిన వృద్ధుడొకడు మమ్ము చూచి, “ఎటు పోతరు సారూ? గీ బాట మా తాతలనాటిది. గోడ గట్టిండ్రు. ఇగ చుట్టు దిరిగి పోవుడే” అన్నాడు. మాకు ఆ చుట్టు ఒక పూట వ్యాయామము. ఆయనకు దినమునకు రెండుసార్లు, మందతో, లారీలు పోవు రోడ్డుమీదుగా.

కావున మీ గ్రామ నక్షాను ఒకసారి తెప్పించి చూడుడు. నక్షాలో గుర్తున్న బండ్లబాట ఏ ఒక్కరి సొత్తును కాదు. 2011 జనవరిలో సుప్రీంకోర్టు పంజాబులోని ఒక గ్రామపు చెరువు విషయమున తీర్పు చెప్పుచు, గ్రామ ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తొలగించుటకు పథకములు సిద్ధపరచవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించినది. అందరు నడచు బాటను మూయుట కష్టము. గడ్డి మొలచిన బాటను అడుగువాడుండడు. పట్టణమునుండి వచ్చు నడకరులు మీకు తెలియకుండనే మీ బాటకు సాక్షులగుచున్నారు.

ఆ అతిథులకును ఒక మాట. చెరువుకట్టపై సీసాలు పగులగొట్టి పోవువారు కొందరున్నారు. ఆ గాజుపెంకు గుచ్చుకొనునది మా ఎద్దు గిట్టకు. కట్ట రాళ్ళను కదల్పకుడు, తూము దగ్గర చేరకుడు, ఎంత ఉక్కగానున్నను నీటిలో దిగకుడు; లోతు తెలియక ఆ చెరువున ప్రాణములు పోగొట్టుకొన్నవారున్నారు. ఎండకాలమున అడవిలో బీడీ, సిగరెట్టు వెలిగింపకుడు. గ్రామములోనికి వచ్చినప్పుడు చాయ త్రాగి, కూరగాయలు కొనుక్కొని పొండు. అది ఉభయులకు లాభము.

ఆ గోడ సంగతి అడుగుదురేమో. గ్రామస్థులు నక్షా నకలు తీసికొని, తహసీల్దారు కార్యాలయమున అర్జీ పెట్టినారు. అటుపిమ్మట గోడలో చిన్న సందు విడిచినారు. మనిషి పోవును, గొఱ్ఱె పోవును, బండి పోదు. సర్వేయరు వచ్చి కొలువవలసియున్నది. వచ్చు ఆదివారము ఉదయము ఆరు గంటలకు మేము ఆ సందుగుండనే నడువబోవుచున్నాము. మీలో తీరిక ఉన్నవారు రాగలరు.