గెలుపు దినములు గడచిన జట్టు



శబ్దములు, సమాసములు, పంచకావ్యములు చెప్పుకొని బ్రతికిన ముసలి పండితునకు తోలుబంతితో నేమి పని యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుడు. కాని గెలుపులు ముగిసిన పక్షమును పట్టుకొని నిలుచుట యెట్లు అను ప్రశ్న బంతియాటలో పుట్టినను పెద్దల విచారమునకు తగినదని నా తలంపు. కావున నేడు హైదరాబాదు ఫుట్‌బాలు జట్టుల వృత్తాంతమును మీకు విన్నవించుచున్నాను.

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఈ యాటకు పెద్ద వ్యాప్తి లేదు. వాలీబాలు, కబడ్డి, వానితోబాటు క్రికెట్టు, ఇవియే మా యూళ్ళ యాటలు. అయినను 2022వ సంవత్సరము మార్చి నెలలో సిరిసిల్ల సాంచాల షెడ్లలో పనిచేయు పిల్లలును, గల్ఫు దేశములనుండి సెలవుపై కోరుట్లకు వచ్చిన యువకులును, జగిత్యాల కళాశాల విద్యార్థులును ఒకే జట్టు పేరు తలచుట నేను చెవులార వింటిని. ఆ జట్టు హైదరాబాదు ఎఫ్.సి. 2019లో పూనా నగరపు జట్టు మూతపడగా దాని స్థానమున మన నగరమునకు దక్కిన జట్టిది. పూనావారు పోగొట్టుకొన్నదే మనకు లభించినదను మాట గుర్తుంచుకొనుడు; ముందు పనికివచ్చును.

మొదటి యేట ఈ జట్టు ఇండియన్ సూపర్ లీగులో అందఱికంటె అడుగున నిలిచినది. మూడవ యేట, స్పెయిను దేశస్థుడగు మనోలో మార్క్వెజ్ శిక్షణలో, గోవాయందలి ఫటోర్డా మైదానమున 2022 మార్చి 20వ తేదీన కేరళవారితో తుదిపోటీ యాడినది. కేరళవారు ముందుగా గోలు చేసిరి. ఆట ముగియుటకు రెండు మూడు నిమిషములుండగా సాహిల్ తవోరా దూరమునుండి తన్నిన బంతి వలలో పడి లెక్క సమమైనది. పిమ్మట పెనాల్టీలు. గోలురక్షకుడు లక్ష్మీకాంత కట్టిమని మూడు బంతులను ఆపివేసెను. కప్పు మనదైనది. మరుసటి యేడు లీగులో రెండవ స్థానము. ఆ రెండేండ్లలో పసుపుపచ్చని చొక్కా తొడుగని కుఱ్ఱవాడు మా వీధిలో అరుదు. పసుపు పండించు ప్రాంతమువారమగుటచే మాకా రంగు ముచ్చటగానే యుండెను.

తరువాతి పతనము మిక్కిలి త్వరగా జరిగినది. యాజమాన్యమునకు డబ్బు కఱవైనది; విదేశీ యాటగాండ్రు విడిచిపోయిరి; 2023-24లో ఇరువదిరెండు పోటీలాడి ఒక్కటి మాత్రమే గెలిచి జట్టు మరల అడుగునకు చేరినది. యాజమాన్యము మాఱినను మఱుసటి యేడు పదుమూడింటిలో పండ్రెండవ స్థానము. కడకు 2025లో జట్టు ఢిల్లీకి తరలి పేరు గూడ మార్చుకొన్నది. ఓటమిని సహింపనేర్చిన పిల్లలు ఈ వలసను సహింపలేకపోయిరి. నాయొద్ద చదువుకొన్నవారు కొందఱు నన్నడిగిన ప్రశ్న యిది: "సారూ, మన టీము ఢిల్లీకి పోయింది. మేము గూడ దాని వెంట పోవాల్నా, ఇడిసిపెట్టాల్నా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలెనన్న డెబ్బదియేండ్లు వెనుకకు పోవలెను. హైదరాబాదు ఫుట్‌బాలునకు వెలుగు తగ్గుట ఇది మొదటిసారి కాదు.

హైదరాబాదు నగర పోలీసుల జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. 1950లోనే కలకత్తా మోహన్ బగాను జట్టునోడించి డ్యూరాండ్ కప్పును దెచ్చినది. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు రాష్ట్రజట్టు 1956-57లోను, 1957-58లోను గైకొన్నది. పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు అను క్రొత్తపేరుతో 1961లో మరల డ్యూరాండ్ గెలిచినది. బిరుదుల పట్టిక యింకను పొడుగున్నది గాని నాకు దానికంటె ఆ బిరుదులను సాధించిపెట్టిన మనుష్యునిపై మక్కువ యెక్కువ.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జననము. వృత్తిచేత బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాటు బడులలో పాఠములు చెప్పినవాడు. అందఱును ఆయనను రహీం సాబనిరి. 1950 మొదలుకొని తుదిశ్వాస వఱకు పోలీసు జట్టునకు ఆయనయే శిక్షకుడు. దేశపు జట్టునకును ఆయనయే. 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో బంగారు పతకము, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో జయించి మరల బంగారు పతకము ఆయన శిక్షణలో లభించినవి.

సహోపాధ్యాయుడనగుటచే ఆయన బోధన పద్ధతిని కొంత విస్తరించి చెప్పుట నాకు ప్రీతి. బంతిని కాలికి అంటించుకొని ఒక్కడే పదిమందిని తప్పించుకొని పోవలెనను వ్యామోహము ఆటగాండ్రకు సహజము. తరగతిలో ఒక్క తెలివైన పిల్లవాడే అన్ని ప్రశ్నలకు లేచి జవాబు చెప్పుట వంటిదది. రహీం సాబు దానిని మాన్పుటకై బంతిని వెంటబెట్టుకొని పరుగెత్తరాదు, అందుకొన్నవెంటనే తోడివానికి అందింపవలెను అను నియమముతో ప్రత్యేకముగ పోటీలు నడిపెను. కుడికాలి వాటము గలవారు ఎడమకాలితో మాత్రమే తన్నవలెనను పోటీలును పెట్టెను. పైకి ఇవి పిల్లలాటలవలె నుండును. కాని ఒక సంవత్సరమట్లు చేసినవానికి రెండు కాళ్ళును ఒకటే యగును, తన పక్కనున్నవానిని చూచు అలవాటు కుదురును. వ్యాకరణము చెప్పునపుడు నేనును ఒక్కొక్క తరగతిచే ఒక మాసము సంధి లేకుండ వాక్యములు వ్రాయించెడివాడను. సంధి విలువ అప్పుడే తెలియును. ఆ సంగతి అటుండనిండు.

జకార్తా విజయము నాటికే ఆయన అస్వస్థుడు. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల కేన్సరుచే గతించెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని ఒకసారి గెలిచినది. ఆ ట్రోఫీ మరల మన రాష్ట్రమునకు రాలేదు. ఆటగాండ్రు పుట్టుట మానలేదు సుమా! సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాలునకు పోయెను. 1970 ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన దేశపు జట్టునకు నాయకుడు హైదరాబాదు నయీముద్దీను. 1977లో పేలే కలకత్తాకు వచ్చి ఆడినపుడు మోహన్ బగాను పక్షమున గోలు చేసినవారిలో మన మహమ్మద్ హబీబు ఒకడు. విత్తు మనది, పంట పరులదియైనది. బలరాం, హబీబు ఇద్దఱును 2023లో కాలధర్మము చెందిరి. 2024 ఏప్రిల్ నెలలో రహీం సాబు చరిత్రమును హిందీ చలనచిత్రముగ దేశమంతయు చూచినది. ఆ నెలలోనే హైదరాబాదు జట్టు లీగులో అడుగున నిలిచినది. అదే సంవత్సరము డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ తుదిపోటీ గచ్చిబౌలి మైదానముననే జరుగగా బెంగాలువారు కేరళవారిని గెలిచి కప్పు గొనిపోయిరి. ఆతిథ్యము మనది, అంతే.

మెల్బోర్ను పేరు వచ్చినది గనుక ఆ యూరివారి సంగతి యొకటి చెప్పెదను. వారికి స్వంత ఫుట్‌బాలు వేఱుగ నున్నది. బంతి కోడిగ్రుడ్డు ఆకారము, పక్షమునకు పదునెనిమిదిమంది, మైదానమును అండాకారమే. మన జట్టు ఆడిన 1956 ఒలింపిక్సులలో ఆ యాటను గూడ ప్రదర్శనముగ ఆడి చూపిరి. ఆ కాలమున అక్కడ మెల్బోర్ను అను జట్టు తిరుగులేనిది. 1955 నుండి 1964 వఱకు ఆఱు బిరుదులు. మన పోలీసు జట్టు వెలిగిన కాలమే యని గమనింపుడు. 1964 తరువాత వారికి మరల బిరుదు 2021లో గాని రాలేదు. ఏబదియేడేండ్లు! ఇరువది యేండ్ల ప్రాయమున కేకలు పెట్టినవాడు డెబ్బదియేడవయేట మరల పెట్టవలసివచ్చినది. అదియును మహమ్మారి కారణముగ పోటీ దూరమున పెర్తు నగరమున జరుగగా తన యింటినుండియే చూడవలసివచ్చినది.

వలస బాధయు వారికి తెలియును. దక్షిణ మెల్బోర్ను జట్టును 1982లో సిడ్నీకి తరలించిరి. ఎఱుపు తెలుపు రంగులు మాఱలేదని కొందఱు దాని వెంట నడచిరి. ఊరు మాఱినదని కొందఱు తలుపు మూసికొనిరి. ఆ జట్టు 1933 తరువాత మరల 2005లో బిరుదందినది. ఫిట్జ్‌రాయ్ అను పాతజట్టు 1996లో బ్రిస్బేనువారిలో కలిసిపోయెను. నడచినవారిని గాని, తలుపు మూసినవారిని గాని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు.

మా పిల్లలకు నేనేమి చెప్పితిననగా: మన ప్రాంతమున చిందు భాగవతులకును, పటము కథలు చెప్పువారికిని మిరాశి యూళ్ళుండెడివి. కథకుని గొంతు బొంగురుపోయిన యేట గూడ ఆ యూరు వాని పాలు ధాన్యము కొలిచి యిచ్చెడిది. పొరుగువాడు ఇంతకంటె బాగుగ పాడునని వానిని పిలుచుట మర్యాద గాదు. కథకుడును ఏటేట ఆ యూరికే వచ్చి తీరవలెను. ఈ కట్టు రెండువైపులది. పూనానుండి తప్పి మనకు వచ్చి, ఆఱేండ్లుండి, ఢిల్లీకి పోయిన సంస్థతో మనకట్టి మిరాశి యెన్నడును కుదురలేదు. పూనా పిల్లలును 2019లో ఇట్లే చొక్కాలు దాచుకొనియుందురు. మనము ఆనాడు వారిని తలపలేదు. కావున ఢిల్లీ జట్టు వెంట పోవలెనను బాధ్యత మీకు లేదు. మీకు నచ్చిన ఆటగాడు అందున్న చూడుడు, దోషము లేదు.

రహీం సాబు విద్యతో మాత్రము మన మిరాశి తెగలేదు. దానికి కంపెనీ అక్కఱలేదు, పెద్ద మైదానమక్కఱలేదు. ఒక బంతి, ఇరుప్రక్కల నాలుగు రాళ్ళు, ఎడమకాలి నియమము చాలును. ఈ జట్టునకు ఆదరము చూపువాడనెడు పేరు మీకు కావలెనన్న హైదరాబాదులో నేటికిని ఆడుచున్న చిన్న జట్టుల పోటీలకు పోయి, గెలుపోటములు లెక్కింపక, గట్టుమీద కూర్చుండి రండు. చూచువారు ఇరువదిమందియే యుందురు. ఆ ఇరువదిలో మీరొకరు కండు. పసుపు చొక్కాను గూడ దాచనక్కఱలేదు. దానిపై వ్రాసియున్న పేరు హైదరాబాదేకదా.

ఇక పెద్దలకొక మనవి. మాఘ ఫాల్గునములలో ఉడికించిన పసుపును, తరువాత మొక్కజొన్నలను, వడ్లను మనము బడి మైదానములందు ఆరబోయుచున్నాము. కళ్ళములు తగ్గి చోటు చాలక అట్లు చేయుచున్నామని నేనెఱుగుదును. కాని ఆ నెలలలో పిల్లలు ఆడుటకు ఊరిలో మఱియొక చదునైన నేల లేదు. ఈ యేడు మైదానపు పడమటి సగమును వారికి విడువుడు. పసుపు తూర్పు సగములో గూడ ఆఱును. రెండు దినములు ఎక్కువ పట్టును, అంతే.